ఎల్లప్ప చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు

పాకాల చుట్టుపక్కల ఊళ్ళలో మైకు సెట్టు మునిశేఖర్‌ను ఎరగనివాళ్ళు లేరు. ఎండాకాలంలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెట్టారంటే, మధ్యాహ్నం హరికథకూ రాత్రి నాటకానికీ మైకు అతనిదే. చెట్టుకు హారన్లు కట్టి, మిక్సరు మీద ఒక చెయ్యి వేసి నిలబడితే చాలు, హరిదాసు రెండు పద్యాలు పాడకముందే "ఈయనకు గొంతు జీరబోయి ఉండాది, రోంత తగ్గిస్తా" అనేవాడు. కొత్తగా వచ్చిన మైకు సెట్ల కుర్రవాళ్ళు మీటరు చూసి శబ్దం సరిచేస్తుంటే నవ్వుకునేవాడు. చెవి ఉండగా మీటరెందుకు?

జీవితమంతా హారన్ల మోతలో బతికినవాడికి ఇంట్లో మెత్తగా ఒక పాట వినాలని కోరిక పుట్టింది. చిన్నప్పుడు పని నేర్చుకున్న రేడియో షాపులో వాల్వు సెట్లు ఉండేవి. స్విచ్చి వేశాక లోపల గాజు గొట్టాలు మెల్లగా ఎర్రబడి, కాసేపటికి గానీ పాట వచ్చేది కాదు. ఆ పాటలో ఉండే వెచ్చదనం తర్వాత వచ్చిన ఏ సెట్టులోనూ లేదని అతని నమ్మకం. నగరిలో ఒక పాత మెకానిక్కు దగ్గర కొన్ని వాల్వులు దొరికాయి. కాట్పాడిలో కొన్ని దొరికాయి. అల్యూమినియం రేకు వంచి పెట్టె చేసుకున్నాడు. అన్నీ కుదిరాయి గానీ ట్రాన్స్‌ఫార్మర్లు కుదరలేదు. వాల్వు నుంచి వచ్చే కరెంటును స్పీకరుకు పనికొచ్చేట్టు మార్చేది ట్రాన్స్‌ఫార్మరే. కుడి పక్కకు ఒకటి, ఎడమ పక్కకు ఒకటి కావాలి. వెంట్రుకంత సన్నటి తీగను వేల చుట్లు చుట్టాలి. పొరకూ పొరకూ మధ్య కాగితం వెయ్యాలి. ఒక్క చుట్టు చెడినా పాట చెడుతుంది.

వాటిని ఎల్లప్ప చుట్టి ఇచ్చాడు.

ఎల్లప్ప, మునిశేఖర్ ఒకే బడిలో చదువుకున్నారు. రైల్వే గేటు దాటగానే ఎల్లప్పకు మోటారు వైండింగు షాపు ఉంది. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి పడేస్తే, మాడిన తీగ పీకి కొత్త తీగ చుట్టి ఇస్తాడు. ఇంత సన్నటి పని అతను ఎన్నడూ చెయ్యలేదు. మొదట చుట్టిన జత పాడైపోయింది. రెండోదీ అంతే. మూడోసారి షాపు మూసుకుని, ఫ్యాను గాలికి కాగితం కదులుతుందని ఫ్యాను కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ చుట్టాడు. సెట్టు మొదటిసారి పాడిన రోజు ఎల్లప్ప వచ్చి మునిశేఖర్ ఇంట్లో నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నాదస్వరం మొత్తం విన్నాడు.

"నేను చుట్టిన తీగలోంచేనా అబ్బా ఇది వస్తా ఉండేది?" అన్నాడు కళ్ళు తెరిచి.

"నీ తీగలోంచే" అన్నాడు మునిశేఖర్.

సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకు సెట్టు చెడింది. పాట మధ్యలో ఎడమ పక్క గొంతు బొంగురుపోయింది. మునిశేఖర్ వంగి చూస్తే ఎడమ వాల్వు లోపలి రేకు నిప్పులా ఎర్రగా కాలుతోంది. మాడు వాసన కొట్టింది. గబుక్కున ప్లగ్గు పీకేశాడు. మర్నాడు బంగారుపాళ్యం దగ్గర జాతరకు మైకు ఒప్పుకుని ఉన్నాడు కాబట్టి, వచ్చాక చూద్దామని గుడ్డ కప్పి వెళ్ళాడు.

జాతర నుంచి తిరిగొచ్చినవాడు బస్సు దిగుతూనే తూలాడు. ఇంటికి చేరగానే ఇల్లు గిర్రున తిరిగినట్టయింది. రెండు రోజులు మంచం మీద నుంచి లేవలేకపోయాడు. తల ఎత్తితే వాంతి. భార్య సుజన మజ్జిగ తాగించి, తలకు తడిగుడ్డ వేసింది.

"ఎండలో దినమంతా నిలబడితే ఇంకేమైతాది" అంది.

మూడోనాటికి తల తిరగడం తగ్గింది. చెవిలో నీళ్ళు చేరినట్టుగా మాత్రం ఉండిపోయింది. కొబ్బరినూనె వెచ్చచేసి రెండు చుక్కలు వేయించుకుని, సెట్టు ముందు కూర్చున్నాడు.

మొదటి తప్పు తొందరగానే దొరికింది. ప్లగ్గు పీకినా వాల్వు సెట్టులో మనిషిని చంపేంత కరెంటు నిలిచి ఉంటుంది. దాన్ని దించి, ఒక్కొక్కటే విప్పి చూశాడు. ముందు వాల్వుకూ వెనక వాల్వుకూ నడుమ ఉండే కండెన్సరు కారుతోంది. పాటను మాత్రమే పోనిచ్చి వోల్టేజీని ఆపాల్సినది, వోల్టేజీని కూడా వదిలేస్తోంది. అందుకే వాల్వు అదుపు తప్పి కాలింది. కండెన్సరు మార్చాడు, వాల్వు మార్చాడు, స్విచ్చి వేశాడు. రేకు ఎర్రబడలేదు. పాట వచ్చింది.

కానీ ఎడమ పక్క పాట సరిగా లేదు. కుడి పక్క తాళాలు గలగలమంటుంటే ఎడమ పక్క దుప్పటి కప్పినట్టుంది. వెనకాల గుయ్యిమని ఒకటే హోరు.

ఇక అక్కడి నుంచి మొదలైంది. ఎడమ వాల్వులు కుడికీ, కుడివి ఎడమకీ మార్చాడు. తప్పు వాల్వుది అయితే వాల్వుతో పాటు కుడికి రావాలి. రాలేదు, ఎడమనే ఉంది. ఎడమ పక్క కండెన్సర్లన్నీ కొత్తవి వేశాడు. రెసిస్టర్లు ఒక్కొక్కటే కొలిచి మార్చాడు. టంకాలన్నీ కరిగించి మళ్ళీ పెట్టాడు. మద్రాసుకు పోయి, ఎన్నడూ కొననంత మంచి వైరు తెచ్చాడు. స్పీకరు తీసేసి తన సరుకులోంచి ఇంకొకటి తెచ్చి పెట్టాడు. అయినా ఎడమ పక్క దుప్పటి తొలగలేదు, హోరు ఆగలేదు. పడుకున్నా ఆ హోరు వినిపిస్తూనే ఉండేది. పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటే చెవుల్లో నిలిచిపోక ఏమవుతుందిలే అనుకున్నాడు.

మీటరు పెట్టి రెండు పక్కలా కొలిచాడు. ముల్లు రెండు పక్కలా ఒకే చోట నిలబడింది. మీటరును పక్కకు నెట్టేశాడు.

డిగ్రీ చదివే కూతురు భానుప్రియను పిలిచి కూర్చోబెట్టాడు. "విను. ఎడమ పక్క ఎట్లుండాది?"

భానుప్రియ విన్నది. "రెండూ ఒకటే మాదిరి ఉండాయి గదా నాయనా."

"హోరు వినపడలా?"

"ఏం హోరు?"

"సరే పో" అన్నాడు విసుగ్గా. "సెల్‌ఫోను పాటలు వినే చెవులు మీవి."

సుజన గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. "నాకూ ఒకటే మాదిరే ఉండాది. నాలుగు దినాలు దాన్ని వదిలెయ్యరాదా? నువ్వు తిండి కూడా సరిగా తినడం లేదు" అంది.

అతనికి ఆమె మాట సగమే వినబడింది. సగం మాట విని ఊరుకోవడం ఈ మధ్య అలవాటైంది.

అన్నీ మార్చేశాక మార్చనిది ఒక్కటే మిగిలింది. ఎల్లప్ప చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు.

మార్చి నెల. బోర్లు అడుగంటి మోటార్లు కాలిపోయే కాలం. ఎల్లప్ప షాపు ముందు గొల్లపల్లె రైతులు నలుగురైదుగురు మోటార్లు దించుకుని బల్ల మీద కూర్చుని ఉన్నారు. మునిశేఖర్ బండి దిగీదిగకముందే మొదలుపెట్టాడు.

"ఏమప్పా ఎల్లప్పా, ఆ ఎడమదాంట్లో ఎన్ని చుట్లు ఎగ్గొట్టినావు?"

ఎల్లప్ప తీగ చుడుతున్న చెయ్యి ఆగింది. "ఏం మాట అబ్బా అది?"

"మాట కాదు, నిజం. రెండు నెలలుగా సావగొడతా ఉండాది. అన్నీ మార్సినా. నీ పని ఒకటే మిగిలింది. కాగితమన్నా తక్కువేసుండాల, చుట్లన్నా తగ్గించుండాల. లోపల షార్టయి ఉండాది."

"నా చేత్తో లెక్కపెట్టి చుట్టినా శేఖరా."

"లెక్క నాకు చెప్పొద్దు. నా చెవికి తెలుస్తా ఉండాది."

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన తను తెచ్చిన మోటారు వైపు చూశాడు. ఎల్లప్ప ఆ చూపును గమనించాడు. మునిశేఖర్ గమనించలేదు.

ఆ ఆదివారం పొద్దున ఎల్లప్ప ఒక సంచిలో పనిముట్లు వేసుకుని వచ్చాడు. సుజన ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేశాడు.

"ఎడమది విప్పియ్యి" అన్నాడు.

మునిశేఖర్ విప్పి ఇచ్చాడు. ఎల్లప్ప వసారాలో చాప మీద కూర్చుని, వార్నిషుతో బిగిసిపోయిన ఇనుప రేకులను ఒక్కొక్కటే ఊడదీశాడు. తీగ కొస దొరకబుచ్చుకుని విప్పడం మొదలుపెట్టాడు. పైకి లెక్కపెడుతూ విప్పాడు. పొర అయిపోగానే కాగితం తీసి వెలుతురుకు ఎత్తి పట్టి, మచ్చగానీ మాడు గానీ ఉందేమో చూడమని మునిశేఖర్ చేతికి ఇచ్చాడు. కాగితం తెల్లగా ఉంది. ఇంకో పొర. ఆ కాగితమూ తెల్లగానే ఉంది. ఎండ వసారా లోపలికి వచ్చింది. ఎల్లప్ప గొంతు ఎండిపోయి నాలుక పిడచకట్టింది గానీ లెక్క తప్పలేదు. భానుప్రియ ఒకసారి చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. అతను ముట్టలేదు.

చివరి చుట్టు ఊడేసరికి అతని ఒళ్ళో రాగితీగ చిక్కుపడిన జుట్టులా కుప్పపడి ఉంది. చుట్లు ఒక్కటీ తక్కువ కాలేదు. కాగితాల్లో ఒక్కటీ మాడలేదు.

"సూసినావు గదా" అన్నాడు ఎల్లప్ప. లేచి, పంచె దులుపుకుని, సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ సంచిని సాయంత్రం భానుప్రియ షాపులో ఇచ్చి వచ్చింది.

ఎడమ పక్క ఇప్పుడు నిజంగానే చచ్చిపోయింది. మునిశేఖర్ రెండు రోజులు సెట్టు వైపు పోలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఉండబట్టలేక ఎడమ వాల్వులు పీకేసి, కుడి పక్క ఒక్కటే పెట్టి పాట వేశాడు. కుడి స్పీకరు పెట్టెలోంచి పాట నిక్షేపంగా వచ్చింది. మంచి పక్కను చెడ్డ పెట్టెలోంచి వింటే ఎట్లా ఉంటుందో చూద్దామని, ఎడమ పెట్టె వైరు తెచ్చి కుడి ట్రాన్స్‌ఫార్మరుకు తగిలించాడు.

ఎడమ నుంచి పాట దుప్పటి కప్పుకుని వచ్చింది. హోరు వచ్చింది.

అతనికి వెంటనే అర్థం కాలేదు. సెట్టు మంచిది. ట్రాన్స్‌ఫార్మరు మంచిది. ఈ పెట్టె కూడా మార్చి చూసిందే. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. వీధిలో పిండిమర ఆగింది. వాల్వులు మెల్లగా ఆరిపోయి పాట సన్నగిల్లి ఆగింది. హోరు మాత్రం ఆగలేదు.

మునిశేఖర్ కదలకుండా కూర్చున్నాడు. పాట లేదు, కరెంటు లేదు. ఎడమ పక్క గుయ్యిమని అదే హోరు.

కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. వచ్చాక పాట వేసి, లేచి వెనక్కి తిరిగి గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఇప్పుడు ఎడమ పెట్టె అతనికి కుడి పక్కన ఉంది. దుప్పటి తొలగిపోయింది. తాళాలు గలగలమన్నాయి. మళ్ళీ ముందుకు తిరిగాడు. దుప్పటి. గోడ వైపు తిరిగాడు. గలగల. ఎన్నిసార్లు అలా తిరిగాడో తెలియదు. చివరికి సెల్‌ఫోను తీసి, ఎప్పుడూ కుడి చెవికి పెట్టుకునేవాడు, ఎడమ చెవికి పెట్టుకుని సుజనకు ఫోను చేశాడు. ఆమె పెరట్లో ఎత్తి మాట్లాడుతున్నది కిటికీలోంచి కనబడుతూనే ఉంది. చెవిలో ఏమీ లేదు.

తిరుపతిలో చెవి డాక్టరు రంగప్రియ అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్షలన్నీ చేయించింది. తలకు స్కానింగు తీయించి, గడ్డలాంటిదేమీ లేదని చెప్పింది. సుజన చేతులు జోడించింది. డాక్టరు మొహంలో మాత్రం సంతోషం లేదు.

"ఎడమ చెవి నరం ఒక్కసారిగా దెబ్బతిన్నది. కొందరికి ఇలా అవుతుంది, ఎందుకో మాకూ సరిగా తెలియదు. తల తిరిగి పడుకున్నానన్నారే, ఆ రోజే అయ్యుంటుంది."

"దానికి మందు?"

"మొదటి రెండు మూడు వారాల్లో అయితే మాత్రలు, ఇంజక్షన్లు ఉన్నాయి. కొందరికి వినికిడి తిరిగొస్తుంది, ఖాయమని కాదు. కానీ ఇప్పుడు..." ఆమె కాగితాల నుంచి తలెత్తింది. "ఇన్నాళ్ళు ఏం చేశారు?"

మునిశేఖర్ నోరు తెరిచాడు. పక్కన సుజన తల వంచుకుంది.

"యాంప్లిఫయరు రిపేరు చేసినాను మేడం" అన్నాడు.

తిరుగు బస్సులో సుజన అతని ఎడమ పక్కన కూర్చుంది. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు లేచి, కుడి పక్క సీటులోకి మారింది. నేను చెప్పలేదా అని ఆమె ఒక్క మాటన్నా అని ఉంటే అతనికి తేలికగా ఉండేది. ఆమె అనలేదు.

ఎల్లప్ప షాపుకు పోవడానికి మునిశేఖర్‌కు చాలా రోజులు పట్టింది. పోయిన రోజు బల్ల మీద ఎవరూ లేరు. షాపులో విప్పిన మోటారు ఒక్కటే ఉంది. నిలబడే అంతా చెప్పాడు. ఎల్లప్ప చేతిలో పని ఆపకుండా విన్నాడు.

"చెవా?" అన్నాడు చివరికి.

"చెవే. నీ పనిలో తప్పులేదు అబ్బా. నోటికొచ్చినట్టు మాట్లాడినాను. మనసులో పెట్టుకోవద్దు."

"ఇప్పుడు ఈడ ఎవురుండారు వినేదానికి?" ఎల్లప్ప ఖాళీ బల్ల వైపు చూశాడు. "ఆ దినం నలుగురి ముందర అన్నావు. చుట్లు ఎగ్గొట్టేవాడని గొల్లపల్లె అంతా చెప్పుకున్నారు. ఆ పక్క మోటార్లు ఇప్పుడు పీలేరుకు ఎత్తుకపోతా ఉండారు. నేను పోయి ఇంటింటికీ చెప్పేదా, శేఖర్‌కు చెవుడని?"

ఆ మాట అతను తిట్టుగా అనలేదు. అందుకే మునిశేఖర్‌కు ఇంకా బలంగా తగిలింది. "మళ్ళా ఒకటి చుట్టిస్తావా" అని అడగాలని వచ్చినవాడు, అడగకుండానే తిరిగిపోయాడు.

మే నెలలో గొల్లపల్లె భారతం. మైకు ఎప్పటిలాగే మునిశేఖర్‌దే, కిందటేడే మాట్లాడుకున్నది. మధ్యాహ్నం హరికథకు జనం వచ్చి తడికల పందిరి కింద కూర్చున్నారు. ఆ రోజు ఎల్లప్ప షాపు బల్ల మీద కూర్చున్న పెద్దాయన కూడా ముందు వరసలో ఉన్నాడు. హరిదాసు గజ్జెలు కట్టుకుంటుండగా మునిశేఖర్ మిక్సరు వదిలి వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మైకులో "హలో, చెక్" తప్ప ఇంకో మాట అనని మనిషి. కమిటీ పెద్ద మోహన ఏమిటన్నట్టు చూశాడు.

"అయ్యలారా, అమ్మలారా. నేను మైకు సెట్టు మునిశేఖర్ని. పాకాల ఎల్లప్ప షాపులో నేనొక మాట అన్నాను. చుట్లు ఎగ్గొట్టినాడని అన్నాను. మీ ఊరోళ్ళు విన్నారు. అది అబద్ధం. ఎల్లప్ప నా ముందర కూర్చోని మొత్తం విప్పి చూపించినాడు, ఒక్క చుట్టు తక్కువ లేదు. తప్పు నా చెవిది. నాకు ఎడమ చెవి పోయింది. పోయిందని తెలవక ఆయన మీద వేసినాను."

జనంలో ఎవరో నవ్వారు. ఇంకెవరో ఊరుకోమన్నారు. అంతలో హారను కీచుమని అరవడం మొదలుపెట్టింది. మైకు శబ్దం హారన్లోంచి తిరిగి మైకులోకే దూరితే వచ్చే అరుపు అది. రెండు హారన్లలో ఏది అరుస్తోందో మునిశేఖర్‌కు తెలియలేదు. పిల్లలు ఒక చెవి మూసుకుని ఇంకో చేత్తో చూపిస్తున్నారు. అతను కుడి పక్క హారను వైపు పరుగెత్తాడు. "ఆ పక్క కాదన్నా, ఈ పక్క!" అని జనం కేకలు వేశారు. చివరికి మోహనే లేచి వెళ్ళి వైరు పీకాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది.

హరికథ ఆ రోజు ఆలస్యంగా మొదలైంది.

భారతం ముగిసి, ఆఖరి రోజు భీముడి వేషగాడు కొట్టి పడేసిన దుర్యోధనుడి మట్టిబొమ్మ పక్కన మునిశేఖర్ వైర్లు చుట్టుకుంటుండగా మోహన వచ్చాడు. కాసేపు అటూ ఇటూ చూసి చెప్పాడు.

"తప్పుగా అనుకోవద్దన్నా. కమిటీలో మాట్లాడుకున్నాము. వచ్చే ఏడు వేరే సెట్టు పెట్టుకుందామని."

"సరే" అన్నాడు మునిశేఖర్.

"చెవి బాగైతే మళ్ళా..."

"బాగుకాదు మోహనా. సరేలే."

ఆ వేసవిలో ఇంకో రెండు ఊళ్ళు కూడా ఆ మాటే చెప్పాయి. హారన్లు కొన్ని అమ్మేశాడు. పెళ్ళిళ్ళకు రంగు బల్బుల సీరియలు సెట్లు వెలిగించే పని మాత్రం మిగిలింది, దానికి చెవితో పనిలేదు. సాయంత్రాలు ఎప్పుడైనా ఉన్న ఒక్క పక్కతోనే సెట్టు వేసుకుని, కుడి చెవి స్పీకరు వైపు ఉండేట్టు కుర్చీ లాక్కుని వినేవాడు. హోరు దాని వెనకాల ఉండేది. పూర్తిగా వినేవాడు కాదు, సగంలో ఆపేసేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు రైల్వే గేటు పడి ఉండగా, ఆగిన బళ్ళ నడుమ ఎల్లప్ప కనబడ్డాడు. అతని బండి వెనక తాళ్ళతో కట్టిన మోటారు ఉంది. మోటారు మీద సున్నంతో గొల్లపల్లె అని రాసి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూశారు. రైలు పోయేదాకా మాట్లాడుకోవడానికి వీల్లేకపోయింది.

గేటు లేస్తుండగా ఎల్లప్ప కొంచెం గట్టిగా అడిగాడు.

"నేను చుట్టిన ఆ కుడిది ఎట్లుండాది?"

"పాడతా ఉండాది" అన్నాడు మునిశేఖర్.

ఎల్లప్ప తల ఊపాడు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. బండి స్టార్టు చేసుకుని, గేటు దాటి, షాపు వైపు తిరిగిపోయాడు.